వెండెల్ పక్కన పెట్టిన ఇత్తడి

తూటాకి తొడుగైన ఇత్తడి గుల్ల ఎన్నాళ్ళు బతుకుతుందని అడిగితే డ్రై ఫోర్క్ రైఫిల్ క్లబ్బులో ఇద్దరు ఒక మాట మీద ఉండరు. నాలుగైదుసార్లు పేల్చి పారేయమనేవాడు ఒకడు. ఇరవైసార్లు మందు నింపినా తన గుల్లలు చెక్కుచెదరలేదని దబాయించేవాడు ఇంకొకడు. ఆర్డిస్ నైగార్డ్ ఆ వాదనలోకి దిగేది కాదు. గుల్ల సంగతి గుల్లనే అడగండి, నన్నెందుకు అడుగుతారు అనేది. కోటు జేబులోంచి కొస వంచిన సన్నటి తీగ తీసి, ఖాళీ గుల్లలోకి దించి, అడుగు నుంచి పైకి మెల్లగా లాగేది. కొస ఎక్కడా తట్టుకోకుండా జారి వచ్చిందంటే గుల్ల ఇంకా పనికొస్తుంది. అడుగుకి కాస్త పైన టక్కున పట్టుకుందంటే లోపల గోడ పలచబడి గాడి పడింది. గాడి పడ్డదాన్ని ఏ దేవుడూ బాగుచేయలేడు.

ఆమె చక్కెరదుంపల రైతు కూతురు. బడి వంటింట్లో పెద్ద పెద్ద పళ్ళాలు ఎత్తీ దించీ భుజాలు మగవాడి భుజాల్లా అయ్యాయి. భర్త వెండెల్ కౌంటీ రోడ్ల మీద గ్రేడరు నడిపేవాడు. ఎండాకాలం కంకర చదును చేసేవాడు, చలికాలం మంచు తోసేవాడు. ఇద్దరికీ పిల్లల్లేరు. నేలమాళిగలో బట్టలుతికే యంత్రం పక్కన ఒక బల్ల ఉండేది. వాళ్ళ కాపురమంతా ఆ బల్ల దగ్గరే గడిచిందన్నా తప్పులేదు. తుపాకి పేల్చేది వెండెల్. పేల్చిన గుల్లకి మళ్ళీ ప్రాణం పోసేది ఆర్డిస్. గుల్ల అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ కాలాక దాన్ని పొడిచి తీయడం, గుల్లని అచ్చులోకి నొక్కి పాత కొలతకి తేవడం, సాగిన మూతి కత్తిరించడం, మెడని మంటమీద తిప్పి మెత్తబరచడం, మందు తూచి పోయడం, గుండు కూర్చడం అన్నీ ఆమె చేతిమీదే సాగేవి. మెడ పగిలితే కంటికి కనపడుతుంది, ప్రైమర్ గూడు వదులైతే బొటనవేలికి తెలుస్తుంది, లోపలి గాడి మాత్రం తీగకే తెలుస్తుంది అని వెండెల్‌కి చెప్పింది కూడా ఆమే.

వెండెల్ వినే మనిషే. ఒక్క ఏడాది మాత్రం వినలేదు. ఎవరి దగ్గరో పాత రైఫిల్ ఒకటి కొన్నాడు. దానికి కొత్త అచ్చు తెచ్చి, కంపెనీవాడి కాగితంలో ఉన్నట్టే బిగించాలని పట్టుబట్టాడు. ఆ తుపాకిలో గుల్ల కూర్చునే గది కాస్త పొడుగు. అచ్చేమో మెడ కిందుండే గుల్ల భుజాన్ని అవసరానికి మించి కిందికి తోసేది. పేల్చినప్పుడల్లా గుల్ల ముందుకి సాగేది, ఇంటికొచ్చాక మళ్ళీ వెనక్కి తోయించుకునేది. ఇనపరేకుని అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో దానికీ అదే అయింది. ఎండాకాలం ముగిసేసరికి ఆ బ్యాచ్ మొత్తంలో తీగ పెట్టిన ప్రతిచోటా పట్టుకుంది. వెండెల్ తల గోక్కుని, అచ్చు మరో పావుచుట్టు వదులు చేసి, ఆ గుల్లలన్నీ ఒక కాఫీ డబ్బాలో పోశాడు.

చచ్చిన గుల్లని పాతసామాన్లలో పడేసేముందు పటకారుతో దాని మూతి నొక్కేయాలి. లేకపోతే ఎవడో ఒకడు దాన్ని ఏరుకుని, బాగానే ఉందనుకుని, మళ్ళీ నింపుతాడు. వెండెల్‌కి ఆ పని నచ్చేది కాదు. మూతి నొక్కుతుంటే కోడి మెడ విరిచినట్టుందని, రేపు చేస్తానని, వచ్చేవారం చేస్తానని వాయిదా వేసేవాడు. డబ్బా అరమీద అలాగే ఉండిపోయింది.

ఆగస్టు పోటీల్లో రాయిస్ కెల్సో గుల్లల సంచీ పోయింది.

రాయిస్ ట్రాక్టర్ల దుకాణం మనిషి. గట్టిగా నవ్వుతాడు, గుల్లలో మందు దిట్టంగా దట్టిస్తాడు, ఓడిపోతే గాలిని తిడతాడు. పాత ఇత్తడంటే అతనికి అసహ్యం. కొత్తవి కొని, రెండు మూడుసార్లు పేల్చి, ఎవరికో అంటగట్టి, మళ్ళీ కొత్తవి కొనేవాడు. పోయిన సంచీలో ఉన్నవీ కొత్తవే. అదే దుకాణంలో, అదే రకం, వెండెల్ కూడా అంతకు వారం ముందే కొన్నాడు. కాల్పుల మైదానంలో, అదే రేంజిలో, ఒకడు పడుకుని కాల్చే చాప పక్కన పడిన గుల్ల కోసం ఇంకొకడు అడక్కుండా వంగడు. అది ఎక్కడా రాసిపెట్టలేదుగానీ, చర్చిలో దానాల పళ్ళెంలోంచి ఎవరూ డబ్బు తీయనట్టే అదీ. అలాంటి చోట రాయిస్ అందరి మధ్యా నిలబడి వెండెల్ పెట్టెలోకి తొంగిచూశాడు. "నా ఇత్తడి నీ పెట్టెలో బాగా ఇమిడిపోయిందే, వెండెల్" అన్నాడు.

వెండెల్‌కి మాట తొందరగా వచ్చేది కాదు. రసీదు ఇంట్లో ఉందనీ, తెచ్చి చూపిస్తాననీ తడబడుతూ చెప్పేలోపే సగంమంది తమ చాపలవైపు చూసుకోవడం మొదలుపెట్టారు. రసీదు తెచ్చి చూపించాడు కూడా. రసీదు చూపిస్తే కొన్నావని తెలుస్తుంది, తీయలేదని తెలియదు కదా అన్నాడు రాయిస్. క్లబ్బు పెద్ద ఎల్డన్ ప్రూయిట్, గొడవ చల్లారేదాకా ఈ ఏడాదికి రాకుండా ఉంటే మంచిదేమోనని వెండెల్ భుజం తట్టి మరీ చెప్పాడు. దొంగ అని నోటితో ఎవరూ అనలేదు. వెండెల్ అక్కడికి వెళ్ళడం మానేసి పాత కంకర గుంట దగ్గర ఒక్కడే కాల్చుకునేవాడు. ఒకరోజు ఆర్డిస్ కూడా వెళ్ళింది. అతను కాల్చి లేచాడు. తన గుల్లలు కాళ్ళ దగ్గర మెరుస్తుంటే వాటికోసం కూడా వంగకుండా బండివైపు నడిచాడు. ఆమే ఏరింది. జనవరిలో ఒక ఉదయం వాకిట్లో మంచు తోస్తూ, పారమీదే ఒరిగి, వెండెల్ పోయాడు.

ఈస్టరుకి ముందు వచ్చే లెంటు రోజుల్లో బుధవారం సూపు విందుకి చర్చి వంటింట్లో ఆర్డిస్ పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్నది కోలీన్. అప్పటికి నెల క్రితమే రాయిస్ నుంచి విడిపోయింది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ, తలెత్తకుండా చెప్పింది. సంచీ దొరికిందట. సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే తర్వాత, బండి సీటు కింద, కుక్క దుప్పటి అడుగున. రాయిస్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడట. ఎవరికీ చెప్పొద్దన్నాడట.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది ఆర్డిస్.

"అప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాను కదా, ఆర్డిస్. ఇప్పుడు చెప్పినా ఏమంటారో తెలుసు. మొగుణ్ణి వదిలేసిన ఆడదాని కక్ష అంటారు."

ఆర్డిస్ మూకుడు తోమడం పూర్తిచేసింది. చేతులు తుడుచుకుంది. కోలీన్‌కి మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటికెళ్ళి కోటు కూడా విప్పకుండా నేలమాళిగలోకి దిగి, బల్ల ముందు కూర్చుంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. వెండెల్ కంకర గుంటలో ఒక్కడే కాల్చుకున్న రోజులన్నీ ఆ సంచీ రాయిస్ దగ్గరే ఉంది. ఒక్క ఫోను చేసుంటే చాలు. తిట్టుకుంటూ చేసినా సరిపోయేది.

అప్పుడు ఆమె కళ్ళు అరమీది కాఫీ డబ్బా మీద పడ్డాయి.

ఆ ఏడాది దుకాణాల్లో కొత్త ఇత్తడి దొరకడం లేదు. దేశమంతటా కొరతే. అరలు ఖాళీ, వచ్చిన పెట్టె వచ్చినట్టే మాయమవుతున్నది. కొత్తవి తప్ప ముట్టని రాయిస్ జూన్ పోటీలకి ఏం పేలుస్తాడా అని కాఫీ కొట్టులో నవ్వుకుంటున్నారు. ఆర్డిస్ డబ్బా దించి గుల్లలు బల్లమీద పోసింది. రాయిస్ తుపాకీకీ అదే కొలత. పటకారు అక్కడే, చేతికి అందేంత దూరంలో ఉంది. దాన్ని తీసి సొరుగులో పెట్టి సొరుగు మూసింది.

గుల్లలకి మెరుగుపెట్టే డబ్బాలో మొక్కజొన్న కండెల పొట్టు పోసి, గుల్లలు వేసి తిప్పింది. మసి వదిలి, మరకలు పోయి, అవి కొత్త నాణేల్లా బయటికొచ్చాయి. మూతులు సమంగా కత్తిరించింది. మెడలు మంటకి చూపించింది. ఎవరు చూసినా మెడ చూస్తారు, ప్రైమర్ గూడు చూస్తారు, పొడుగు కొలుస్తారు. మూడూ సరిగ్గా ఉండాలి. లోపల తీగ పెట్టి చూడాలంటే, ఎప్పుడో ఒకప్పుడు గాడి పడ్డ గుల్ల చూసి ఉండాలి. ఇత్తడిని ముసలిది కానివ్వని మనిషికి ముసలి ఇత్తడి జబ్బులు ఎలా తెలుస్తాయి?

ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఎక్కువసార్లు గుల్ల గాడి దగ్గర రెండుగా తెగి, ముందుముక్క తుపాకిలోనే ఇరుక్కుపోతుంది. కాల్చేవాడి రోజు అంతటితో సరి. అందరిముందూ తుపాకి వెనక మూసే బోల్టు గుంజుకుంటూ, బూతులు తిట్టుకుంటూ, సామాను సర్దుకుంటాడు. తనకి అది చాలనుకుంది. ఒక్కోసారి మాత్రం వేడిగాలి వెనక్కి తన్ని కళ్ళమీదికి వస్తుంది. అందుకే అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకుంటారు. రాయిస్ తన జోడు ఆవిరి పడుతుందని టోపీ మీదికి తోసేస్తాడు. అదీ ఆమెకి తెలుసు. అది తలపుకి వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి, ఉతికిన బట్టలు మడతపెట్టేది.

డబ్బా మీద 'వెండెల్ ఇత్తడి' అని రాసింది. ఆ రెండు మాటల్లో అబద్ధమేమీ లేదు. నిజంగా మంచివి, వెండెల్ చివరిదాకా కాల్చినవి, రొట్టెలపెట్టెలో దాచింది.

ఏప్రిల్లో వాకిట్లో వేలం పెట్టింది. మంచు తోసే పారలు, చేపల గాలాలు, గొలుసులు, నిచ్చెన వరసగా పోతున్నాయి. వేలంవాడు డబ్బా ఎత్తి కుదిపాడు. గలగలమంది. రాయిస్ గుంపులోంచి ముందుకొచ్చి, పిడికెడు తీసి ఎండలో తిప్పి చూశాడు. మూతులు చూశాడు. గూళ్ళు చూశాడు. జేబులోంచి కొలబద్ద తీసి పొడుగు చూశాడు. ఎల్డన్ కూడా పాట మొదలుపెట్టాడు. ఎల్డన్ చేతికి పోతే ఆ క్షణమే అడ్డుపడాలని ఆర్డిస్ మెట్టు దిగింది. కానీ రాయిస్ ఎవరినీ పైకి పోనివ్వలేదు. పాట తనమీద కొట్టేయించుకుని, డబ్బా చంకన పెట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు.

"మంచి సరుకు. ఇత్తడి ఏరుకోవడంలో వెండెల్‌ని మించినవాడు లేడని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

కొందరు నవ్వారు. కొందరు బూట్లవైపు చూసుకున్నారు. ఆర్డిస్ మెట్టుమీదే నిలబడిపోయింది. అప్పటిదాకా మనసులో ఏ మూలో కొంచెం మెత్తదనం ఉండేది. ఆ మాటతో అదీ ఆరిపోయింది. డబ్బాకి మూత సరిగ్గా పెట్టుకో, దారిలో ఒలికిపోతాయి అని మాత్రం అంది.

తర్వాత రెండు నెలలూ ఆమెకి ఒకటే బెంగ. వాడు ఏ గడ్డిబీట్లోనో ఒంటరిగా సాధన చేస్తుంటే అక్కడే తెగిపోతాయేమో, చూసేవాళ్ళు లేకుండా పోతారేమో అని. కాఫీ కొట్టులో ఎదురుపడితే ఇత్తడి ఎలా ఉందని అడిగింది. వెన్నముద్దలా ఉందనీ, గురి సరిచూసుకోవడానికి నాలుగు పేల్చి మిగతావన్నీ జూన్ కోసం దాచాననీ చెప్పాడు. మొగుడి సామాను కొన్నవాడి మీద ఇంత శ్రద్ధ చూపించడం చూసి కొట్టు నడిపే ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆర్డిస్‌కి ఆపిల్ పై ముక్క ఒకటి ఉచితంగా పెట్టింది. ఆర్డిస్ దాన్ని కసిగా తినేసింది.

జూన్ పోటీల్లో ప్రతి కాల్చేవాడి వెనకా కుర్చీ వేసుకుని స్కోరు రాసే మనిషి ఒకరు కూర్చుంటారు. రాయిస్ వెనక కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ప్రతి గుండుకీ తగువు పెట్టుకుంటాడు. ఆర్డిస్ తాను కూర్చుంటానంది. ఎల్డన్ ఆమెవైపు చూశాడు. వెండెల్‌కి జరిగినదానికి ఏదో రకంగా రాజీ కుదురుతున్నట్టుందని సంబరపడి పెన్సిలు ఇచ్చాడు.

కొండవైపు నుంచి గాలి వీస్తోంది. ఆరువందల గజాల దూరంలో గురి బోర్డులు ఎండకి తెల్లగా కనపడుతున్నాయి. రాయిస్ చాపమీద బోర్లా పడుకుని, కళ్ళజోడు టోపీమీదికి తోసి, మొదటి గుండు పేల్చాడు. నడిమధ్యకి తగిలింది. గుల్ల ఎగిరి ఆర్డిస్ బూటు దగ్గర పడింది. ఆమె వంగలేదు. కూర్చున్న చోటునుంచే చూసింది. శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. అలా మొదటి వంతు ముగిసింది. రాయిస్ ముందంజలో ఉన్నాడు. ఆమె స్కోరు రాస్తూ, ఒక్కో అంకెనీ కాగితం చిరిగేంతగా నొక్కింది. వెండెల్ మరీ జాగ్రత్తపరుడేమో, గాడి ఉన్నా ఇవి ఇంకో ఏడాది బతుకుతాయేమో, తాను మెరుగుపెట్టి మరీ అందించిన ఇత్తడితోనే వీడు కప్పు ఎత్తుకుపోతాడేమో అనుకుంది.

రెండో వంతు మధ్యలో ఒక గుల్ల పడింది. అడుగుకి కాస్త పైన, చుట్టూ, వెంట్రుకంత తెల్లటి గీత కనపడింది.

ఆర్డిస్ పెన్సిలు ఆగింది. తర్వాతి గుల్లమీద ఆ గీత సగందాకా నల్లబడి ఉంది. మసి. గోడ చీలి లోపలి పొగ బయటికి కారింది. ఇక వచ్చేదో, ఆపై వచ్చేదో తెగుతుంది. ఆమె ఒంట్లో నెలలతరబడి బిగుసుకున్నదేదో ఒక్కసారిగా సడలి, హాయిగా అనిపించింది. రాయిస్ ఇంకో తూటా తోసి బోల్టు మూశాడు. చెంపని తుపాకి చెక్కకి ఆనించాడు. కనుగుడ్డు బోల్టుకి బెత్తెడు దూరంలో ఉంది.

ఆ కన్ను చూస్తుండగా ఆమెకి ముందున్నదంతా కళ్ళకి కట్టింది. కన్ను పోతే ఊళ్ళో ఆడవాళ్ళంతా వంతులేసుకుని వండిన కాసరోల్ గిన్నెలు మోసుకెళ్తారు. చర్చిలో పేరు పెట్టి ప్రార్థనలు చేస్తారు. ట్రాక్టర్ల దుకాణంలో ఒంటికంటితో కూర్చుని, పాపం రాయిస్, చచ్చిన దొంగ ఇత్తడి కొని ఎలా అయిపోయాడో అనిపించుకుంటాడు. సంచీ సంగతి ఇక ఎవడూ ఎత్తడు. గుడ్డివాణ్ణి నిలదీసేవాళ్ళెవరు? వెండెల్ దొంగగానే మట్టిలో ఉండిపోతాడు.

ఆమె కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"కాల్పులు ఆపండి!"

ఆ కేక రేంజిలో ఎవరైనా పెట్టొచ్చు. ఎవరు పెట్టినా అందరూ ఆగి తీరాలి. ఒకణ్ణి చూసి పక్కవాడు ఆపుతూ పోగా, వరస పొడుగునా బోల్టులు తెరుచుకున్నాయి. రాయిస్ వేలు తీసి, తూటా బయటికి లాగి, మోకాళ్ళమీద లేచాడు. ఎల్డన్ ఆయాసపడుతూ వచ్చాడు. ఆర్డిస్ నేలమీది గుల్ల చూపించి, నీ తీగ పెట్టి చూడు అంది. ఎల్డన్ తన తీగ దించి లాగాడు. పట్టుకుంది. ఇంకోదాంట్లో పెట్టాడు. అందులోనూ పట్టుకుంది. నల్ల గీత ఉన్నదాన్ని రెండు వేళ్ళమధ్య వంచితే చటుక్కున విరిగి రెండు ముక్కలై అరచేతిలో పడింది. ఎల్డన్ రాయిస్ టోపీమీదున్న కళ్ళజోడు వైపు చూసి, మిగతా తూటాలు కూడా వేలంలో కొన్న ఆ డబ్బాలోవేనా అని అడిగాడు. అవునన్నాడు రాయిస్. అయితే ఇక ఒక్కటి కూడా పేల్చడానికి వీల్లేదన్నాడు ఎల్డన్. వేరే తూటాలు రాయిస్ దగ్గర లేవు. ముందంజలో ఉన్న మనిషి చాపమీద ఖాళీగా మోకరిల్లి ఉన్నాడు.

అతని మొహం మెల్లగా ఎర్రబడింది. "బతికున్నప్పుడు నా ఇత్తడి కొట్టేశాడు" అన్నాడు. "చచ్చాక తన చచ్చు ఇత్తడి నాకు అంటగట్టాడు. అదీ మీ వెండెల్."

ఆర్డిస్ అంతవరకూ ఒక్క మాటతో ముగించాలనుకుంది, గుల్ల చెడిపోయిందని. ఇంటికెళ్ళి వాడి ఓటమి తలుచుకుని నిద్రపోదామనుకుంది. కానీ వాడు మళ్ళీ ఆ పేరే ఎత్తాడు.

"వెండెల్ వాటిని పారేయడానికి పక్కన పెట్టాడు" అంది. "మెరుగుపెట్టి వేలంలో పెట్టింది నేను. గాడి ఉందని తెలిసే పెట్టాను. నువ్వే కొంటావని తెలిసే పెట్టాను."

ఎల్డన్ చేతిలో ముక్కలు అలాగే ఉండిపోయాయి. "ఆర్డిస్, ఏమంటున్నావో తెలుస్తోందా నీకు?" అన్నాడు నెమ్మదిగా. "మనిషి కన్ను పోయేది."

"తెలుసు. ఎందుకు చేశానో అతన్ని అడుగు. సంచీ ఎక్కడ దొరికిందో అడుగు."

"ఏ సంచీ?"

రాయిస్ నవ్వబోయాడు. పెదాలు కదిలాయిగానీ నవ్వు రాలేదు. "ఆ కోలీన్ ఏదో వాగితే పట్టుకొచ్చి..." అని ఆగిపోయాడు.

"నేను కోలీన్ పేరెత్తలేదు" అంది ఆర్డిస్.

ఎల్డన్ ముక్కలు చొక్కాజేబులో వేసుకున్నాడు. రాయిస్‌తో కలిసి నలభై ఏళ్ళుగా జింకలవేటకి వెళ్తున్న మనిషి అతను. అతను ఇలా మొహంలోకి చూడటం రాయిస్ ఎప్పుడూ ఎరగడు. "దొరికిందా, రాయిస్? అవునా, కాదా, అంతే చెప్పు."

రాయిస్ టోపీమీది కళ్ళజోడు తీసి చాపమీద పెట్టాడు.

"సీటు కింద" అన్నాడు రాయిస్ చాపలోకి చూస్తూ. "కుక్క దుప్పటి అడుగున ఉంది. అప్పటికే అంతా అనేశాను. మళ్ళీ వెళ్ళి ఏమని చెప్పను? చెబుదామనే అనుకున్నాను. ఇంతలో అతను పోయాడు."

"జనవరిలో పోయాడు" అంది ఆర్డిస్. "నీకు సెప్టెంబరులో దొరికింది."

ఎల్డన్ టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వెండెల్‌ని ఇంటికి పొమ్మన్న మాట తన నోటితోనే అన్నాడు కాబట్టి ఆర్డిస్ మొహంలోకి చూడలేకపోయాడు. అయినా చెప్పాల్సింది చెప్పాడు. రాయిస్ ఈ పూటే సామాను సర్దుకోవాలి, సంఘం కూర్చుని తేల్చేదాకా గేటు లోపలికి రాకూడదు. ఆర్డిస్ కూడా రాకూడదు. ఇవాళే కాదు, ఇక ఎన్నడూ. తెలిసి చచ్చు ఇత్తడి ఇంకొకడి తుపాకిలోకి పంపిన మనిషిని ఈ కాల్పుల గీతమీద నిలబడనిచ్చేది లేదు, ఆమె ఎవరి భార్య అయినా సరే.

"న్యాయమే" అంది ఆర్డిస్. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఎవరు ఎన్నిసార్లు అడిగినా జాలిపడి ఆపానని మాత్రం ఆమె తర్వాత ఎన్నడూ చెప్పలేదు.

పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టింది. వెళ్తుందనుకుని ఎల్డన్ దారి ఇచ్చాడు. ఆమె కదల్లేదు. వరస పొడుగునా చూసింది. కాల్చేవాళ్ళంతా నిలబడి ఇటే చూస్తున్నారు. స్కోరు రాసేవాళ్ళు, వెనక బండ్ల దగ్గర ఐస్‌పెట్టెల మీద కూర్చున్న వాళ్ళ పెళ్ళాలు, సాండ్‌విచ్‌లు చుడుతున్న చర్చి ఆడవాళ్ళు, అందరూ ఇటే చూస్తున్నారు. అందరి చెవులమీదా చప్పుడు వినపడకుండా పెట్టుకునే పెద్ద పెద్ద గుబ్బలు అలాగే ఉన్నాయి. ఏదో గొడవని తెలుసు వాళ్ళకి. దగ్గర నిలబడ్డ ముగ్గురి మాటలూ అంతదూరం వినపడక, ఏం గొడవో తెలియదు. పోయిన ఆగస్టులో రాయిస్ మాట్లాడింది మధ్యాహ్నం భోజనాల వేళ, అందరి చెవులూ ఖాళీగా ఉన్నప్పుడు.

ఆర్డిస్ తన చెవులమీది గుబ్బలు మెడలోకి లాగి, వాళ్ళకి చేత్తో సైగ చేసింది. దగ్గరున్నవాడు ముందు తీశాడు. అతన్ని చూసి పక్కవాడు తీశాడు. వరస కొసదాకా ఒక్కొక్కరే తీశారు. బండ్ల దగ్గర ఒక ముసలాయన ఎటో చూస్తూ ఉండిపోతే పెళ్ళాం మోచేత్తో పొడిచి తీయించింది. ఆమె ఆగింది. ఆఖరి మనిషి చెవులు కూడా బయటపడ్డాక రాయిస్ వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు" అంది. "లేచి నిలబడి చెప్పు. వెండెల్ పేరు పెట్టి చెప్పు."

రాయిస్ ఎల్డన్ వైపు చూశాడు. ఎల్డన్ బోర్డులవైపు చూస్తున్నాడు.

రాయిస్ చాపమీద చెయ్యి ఆనించి లేచాడు. మోకాళ్ళమీది గడ్డి దులుపుకోబోయి మానేశాడు. "వెండెల్ నైగార్డ్..." అని మొదలుపెట్టాడు. టోపీ తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. వెండెల్ నైగార్డ్ తన ఇత్తడి తీయలేదనీ, అది తన బండిలోనే ఉందనీ, తెలిసి కూడా చెప్పలేదనీ అన్నాడు.

"ఆ కొసన ఉన్నవాళ్ళకి వినపడలేదు" అంది ఆర్డిస్. "మళ్ళీ చెప్పు."

అతను మళ్ళీ చెప్పాడు.